అధికార పంపిణీ లెక్కలు – 3వ పాఠం: మార్క్ డర్కన్‌కు ఆర్థిక శాఖ ఎలా వచ్చింది?

ఉత్తర ఐర్లండ్ అసెంబ్లీకి 1998లో 108 మంది ఎలా ఎన్నికయ్యారో గత పాఠంలో బదిలీ ఓటు (ఓటరు ఇచ్చిన ఇష్టాల వరసలో ఒకరి నుంచి ఇంకొకరికి మారే ఓటు) లెక్కతో చూశాం. ఈసారి మంత్రి పదవుల పంపకం. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఇది చదివితే వచ్చేది కాదు, చేస్తేనే వస్తుంది.

ఈ పాఠానికి మనం పట్టుకునే మనిషి మార్క్ డర్కన్. 1960లో డెర్రీలో పుట్టారు. ఐర్లండ్ జాతీయవాదుల (ఉత్తర ఐర్లండ్ ఐర్లండ్‌తో కలవాలనేవాళ్ల) పార్టీ ఎస్‌డీఎల్‌పీలో, దాని నాయకుడు జాన్ హ్యూమ్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి, 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం (ఉత్తర ఐర్లండ్ శాంతి ఒప్పందం) చర్చల్లో పార్టీ తరఫున కూర్చున్నారు. ఆ ఒప్పందం ప్రకారం మంత్రులను ఒక్కరే ఏరుకోవడం కుదరదు. డోంట్ (D'Hondt) అనే పద్ధతిలో, సీట్లను బట్టి లెక్క వేసి పంచాలి.

సూత్రం చిన్నదే. పార్టీ సీట్లను, అప్పటిదాకా దానికి వచ్చిన మంత్రి పదవులకు ఒకటి కలిపి, ఆ అంకెతో భాగించండి. ఎవరి ఫలితం పెద్దదైతే తర్వాతి వంతు వాళ్లది. వంతు వచ్చిన పార్టీ మిగిలిన శాఖల్లో తనకు కావలసింది కోరుకుంటుంది. ఆ ఎంపికను కాదనే హక్కు ఇంకో పార్టీకి లేదు. నా దృష్టిలో ఈ పద్ధతికి ప్రాణం అదే.

ఇప్పుడు వేద్దాం. సీట్లు ఇవి: అల్‌స్టర్ యూనియనిస్టులు (బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టుల పార్టీల్లో ఒకటి) 28, ఎస్‌డీఎల్‌పీ 24, డీయూపీ (ఇంకో యూనియనిస్టు పార్టీ) 20, షిన్ ఫేన్ (ఇంకో జాతీయవాద పార్టీ) 18. కింది లెక్కలో యూనియనిస్టులు అంటే అల్‌స్టర్ యూనియనిస్టుల పార్టీయే. పంచాల్సిన శాఖలు 10.

మొదటి వంతు 28ది. యూనియనిస్టులకు ఒకటి వచ్చింది కాబట్టి వాళ్ల అంకె 28ని 2తో భాగిస్తే 14. ఇప్పుడు పెద్దది 24, అంటే ఎస్‌డీఎల్‌పీ. ఆ తర్వాత 20, 18. నాలుగు పార్టీలకూ తలా ఒకటి అయింది. మిగిలిన అంకెలు 14, 12, 10, 9. ఐదు, ఆరు, ఏడు వంతులు 14, 12, 10కి వెళ్తాయి.

చాలామంది తడబడేది ఇక్కడే. యూనియనిస్టులకు రెండు వచ్చాయి కదా అని 14ని 3తో భాగించేస్తారు. తప్పు. ఎప్పుడూ అసలు సీట్లనే భాగించాలి: 28ని 3తో, 9.33. అది షిన్ ఫేన్ 9 కంటే పెద్దది, కాబట్టి ఎనిమిదో వంతు యూనియనిస్టులది, తొమ్మిదోది షిన్ ఫేన్‌ది. పదోది 24ని 3తో భాగిస్తే వచ్చే 8, ఎస్‌డీఎల్‌పీది. మొత్తం 3, 3, 2, 2.

1999 నవంబర్ 29న స్టార్మంట్‌లో (అసెంబ్లీ ఉన్న చోట) ఇదే వరసలో పేర్లు చదివారు. రెండో వంతులో ఎస్‌డీఎల్‌పీ ఆర్థిక శాఖ కోరుకుని డర్కన్‌కు ఇచ్చింది. నాలుగో వంతులో షిన్ ఫేన్ విద్యాశాఖ కోరుకుంది. మంత్రి మార్టిన్ మెక్‌గిన్నిస్, బ్రిటన్ పాలన మీద ఆయుధాలతో పోరాడిన ఐఆర్ఏ అనే సంస్థకు ఒకప్పటి నాయకుడు. యూనియనిస్టుల్లో చాలామందికి అది మింగుడుపడలేదు. అయినా లెక్క ఆగలేదు.

చివరి వంతుకు మిగిలింది వ్యవసాయ శాఖ. ఎస్‌డీఎల్‌పీ నుంచి బ్రీడ్ రోజర్స్ తీసుకున్నారు. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు, అందరూ వదిలేసిన ఆ శాఖ మీదే ప్రజలందరి కళ్లూ పడ్డాయి.

ఒక మాట గుర్తుంచుకోండి. ప్రభుత్వాన్ని కలిసి నడిపే మొదటి మంత్రి, ఉప మొదటి మంత్రి పదవులకు అప్పట్లో ఈ లెక్క వర్తించేది కాదు. ఆ జంటకు సభలో మెజారిటీతో పాటు, ఏ పార్టీ వాళ్లైనా సరే, యూనియనిస్టు సభ్యులందరిలో సగానికి పైగా, జాతీయవాద సభ్యులందరిలో సగానికి పైగా ఓట్లు విడివిడిగా రావలసి ఉండేది. 2001 నవంబర్ 2న అల్‌స్టర్ యూనియనిస్టుల నాయకుడు డేవిడ్ ట్రింబుల్‌తో కలిసి డర్కన్ ఆ ఓటుకు నిలబడ్డారు. జాతీయవాదులంతా సరే అన్నారు. యూనియనిస్టుల్లో 29 మంది అవునన్నారు, 30 మంది కాదన్నారు. ఒక్క ఓటుతో ఆగిపోయింది. నాలుగు రోజులకు ఎలా గట్టెక్కారో వచ్చే పాఠంలో.

ఈలోగా ఇంటిపని. 2007 సీట్లు: డీయూపీ 36, షిన్ ఫేన్ 28, అల్‌స్టర్ యూనియనిస్టులు 18, ఎస్‌డీఎల్‌పీ 16. శాఖలు మళ్లీ 10. దారిలో రెండుచోట్ల అంకెలు సమానమవుతాయి, కంగారు పడకండి. అలాంటప్పుడు సీట్ల బదులు మొదటి ప్రాధాన్య ఓట్లతో (ఓటర్లు తమ మొదటి ఎంపికగా ఇచ్చినవి) అదే భాగహారం చేస్తారు. ఇక్కడ రెండుసార్లూ డీయూపీ ముందుంటుంది. మీ లెక్కలో డర్కన్ పార్టీకి ఒక్క శాఖే మిగిలితే సరిగ్గా వేసినట్టే.