పాత ట్రక్కుకి బూస్టర్ లేకుండా డిస్క్ బ్రేకులు

మన రాయగడ, కోరాపుట్ ఘాట్లు దిగేటప్పుడు పాత బండి డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, అందుకే కనీసం ముందు చక్రాలకైనా డిస్కులు వేయించండి. బూస్టర్ (కాలి బలాన్ని పెంచే పరికరం) లేనప్పుడు పెడల్ రేషియో, అంటే మన తొక్కుడిని పెడల్ ఎన్ని రెట్లు చేస్తుందో అది, 6:1 దగ్గర ఉండాలి, బ్రేక్ ఫ్లూయిడ్‌ని లైన్లలోకి తోసే మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) మామూలుగా 1 అంగుళం దాటకూడదు, పెద్ద బోరైతే కాలు లాగేలా తొక్కినా బండి ఆగదు. పాత డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్ మాత్రం వాడొద్దండి, దాంట్లో డ్రమ్ములకి సరిపడేలా లైన్లో ఎక్కువ ప్రెషర్ నిలిపే రెసిడ్యువల్ వాల్వ్ ఉంటే ప్యాడ్లు డిస్కుని పట్టుకునే ఉంటాయి. రెండు సర్క్యూట్లదే కొనండి, ఒక లైను పగిలినా ఇంకోటి ఆపుతుంది. సిలిండర్ ఫ్లోర్ కింద ఉంటే ఫ్లూయిడ్ వెనక్కి జారకుండా డిస్క్ లైనుకి తక్కువ ప్రెషర్‌ది, 2 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వ్ పెట్టించండి, వెనక డ్రమ్ములు ముందే లాకవకుండా వెనక ప్రెషర్ తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ కూడా. కాలిపర్ (డిస్కుని ప్యాడ్లతో నొక్కే భాగం) మీద గాలి తీసే బ్లీడ్ నిపుల్ పైవైపే ఉండాలి, కిందకి ఉంటే గాలి పోనే పోదు. డాట్ 3 గానీ డాట్ 4 గానీ బ్రేక్ ఫ్లూయిడ్ కొత్త సీసాలోదే పోయండి, ఫ్లూయిడ్ తేమ పీల్చేస్తుంది, ఇక్కడి వానలు తెలిసినవే కదా. లోడు ఎక్కించకముందు ఖాళీ రోడ్డు మీద బాగా తొక్కి చూడండి.