ఫలితాల పట్టిక చదవడం – 5వ పాఠం: ఆ 2,03,130 మంది ఎవరు?

పోయినసారి ఇచ్చిన లెక్కకి మీరు పంపిన జవాబుల్లో చాలావాటిలో ఒకటే అంకె: 2,03,130. ఇంతమంది ఒకేలా తప్పారంటే తప్పు నా ప్రశ్నలోనే ఉంది. "క్రాస్ ఓటింగ్ (ఒక పదవికి ఒక పార్టీకీ, ఇంకో పదవికి ఇంకో పార్టీకీ వేయడం) ఎంత?" అని అడిగి వదిలేశాను, మీరు తీసివేత చేసి పంపేశారు. ఈసారి కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వారీ పట్టికలోకి వెళ్దామనుకున్నాను. అది ఆరో పాఠానికి జరిగింది.

పట్టిక మళ్ళీ ముందు పెట్టుకోండి. అమెరికాలో జార్జియా రాష్ట్రం, 2022 నవంబరు 8. ఒకేరోజు రెండు పదవులకి ఓటు: సెనేట్ (అమెరికా పార్లమెంటులో ఎగువ సభ) ఫెడరల్ పదవి, అంటే దేశం మొత్తానిది; గవర్నర్ రాష్ట్ర పదవి, మన ముఖ్యమంత్రి లాంటిది. మిగతా తేడా మొదటి పాఠంలో అయిపోయింది, మళ్ళీ చెప్పను.

సెనేట్: రాఫెల్ వార్నాక్ (డెమోక్రాట్) 19,46,117. హెర్షెల్ వాకర్ (రిపబ్లికన్) 19,08,442. చేజ్ ఆలివర్ (లిబర్టేరియన్) 81,365.

గవర్నర్: బ్రయాన్ కెంప్ (రిపబ్లికన్) 21,11,572. స్టేసీ ఏబ్రమ్స్ (డెమోక్రాట్) 18,13,673. షేన్ హేజెల్ (లిబర్టేరియన్) 28,163.

కామాలు మన పద్ధతిలో పెట్టాను. అక్కడ 1,946,117 అని రాస్తారు. ఒకరు దాన్ని కోటీ తొంభై నాలుగు లక్షలు చేసి పంపారు. 2020 జనాభా లెక్కల్లో జార్జియా మొత్తం జనాభాయే కోటీ ఏడు లక్షలు! అంకె చూడగానే లక్షల్లోకి మార్చి రాసుకోండి. నేనైతే శాతాల జోలికే పోను, నాలుగు గళ్ళ కాగితం, పెన్సిలు, అంతే.

ఇక అసలు గొడవ. కెంప్ ఓట్లలోంచి వాకర్ ఓట్లు తీసేస్తే 2,03,130. కాబట్టి అంతమంది గవర్నర్‌గా కెంప్‌కీ, సెనేట్‌కి వార్నాక్‌కీ వేశారన్నారు. మరి వార్నాక్‌కి ఏబ్రమ్స్ కంటే ఎన్ని ఎక్కువ వచ్చాయో చూశారా? 1,32,444. వాకర్‌ని వదిలినవాళ్ళంతా వార్నాక్ దగ్గరికే వెళ్ళుంటే ఈ రెండూ కలవాలి కదా. మిగతా 70,686 ఎటు పోయాయి?

మూడో పార్టీ వరస చూడండి. ఆలివర్‌కి హేజెల్ కంటే 53,202 ఎక్కువ. తర్వాత నిలువుగా కూడండి: గవర్నర్‌కి పడ్డవి 39,53,408, సెనేట్‌కి పడ్డవి 39,35,924. అంటే సెనేట్ గడిలో 17,484 తక్కువ. 53,202కి 17,484 కలిపితే 70,686. ఒక్క ఓటు తేడా లేదు. జార్జియాలో పార్టీ మొత్తానికి ఒక్కసారే ఓటేసే వీలు లేదు, ఒక్కో పదవికీ విడిగా వేయాలి. అందుకే ఒకటి వేసి ఇంకోటి ఖాళీగా వదిలేసేవాళ్ళు ఉంటారు.

హమ్మయ్య, 1,32,444 మంది అని రాసేద్దామా? వద్దు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పేపర్లు, టీవీలు, చదువుకున్నవాళ్ళు అందరూ పడే గొయ్యి ఇదే. తేడా వేరు, మనుషులు వేరు.

ఆంధ్రాలో ఒకేరోజు ఎంపీకో ఓటు, ఎమ్మెల్యేకో ఓటు వేస్తాం కదా. పదిమంది వేశారనుకోండి. ఎమ్మెల్యేకి ఎర్ర పార్టీకి 6, పచ్చ పార్టీకి 4. ఎంపీకి చెరి 5. తీసివేత చేస్తే తేడా 1. "ఒక్కడే మారాడు" అంటారు మీరు. కానీ ఎర్రకి వేసినవాళ్ళలో ముగ్గురు పచ్చకి, పచ్చకి వేసినవాళ్ళలో ఇద్దరు ఎర్రకి మారినా ఎంపీకి చెరి 5 వస్తాయి. మారింది ఐదుగురు, కనబడేది ఒకటి. ఎదురెదురుగా మారినవాళ్ళు పట్టికలో ఒకరినొకరు కొట్టేసుకుంటారు. పట్టిక మొత్తాలు చెబుతుంది, ఏ చేయి రెండుచోట్లా ఏ ఓటు వేసిందో చెప్పదు.

2019లో గుంటూరు గుర్తుందా? ఏడు అసెంబ్లీ సీట్లలో ఆరు వైసీపీకి పోయాయి, ఎంపీగా మాత్రం టీడీపీ నుంచి గల్లా జయదేవ్ 4,205 ఓట్లతో గెలిచారు. క్రాస్ ఓటింగ్ జరిగిందని తెలుస్తుంది. తలలు లెక్కపెట్టడం మాత్రం ఈ పట్టికతో కుదరదు.

ఇంకో చిన్న సంగతి. వార్నాక్ ముందున్నా నవంబరులో గెలవలేదు, ఎందుకని అడిగారు. మన దగ్గర ఒక్క ఓటు ఎక్కువుంటే చాలు, జార్జియాలో సగం దాటాలి. 19,67,963 కావాలి, 21,846 తగ్గాయి. డిసెంబరు 6న వార్నాక్, వాకర్ ఇద్దరి మధ్యే మళ్ళీ పోటీ. వార్నాక్‌కి 18,20,633, వాకర్‌కి 17,21,244. తేడా 37,675 నుంచి 99,389కి పెరిగింది కాబట్టి వార్నాక్ ఓట్లు పెరిగాయని రాయకండి. ఇద్దరివీ తగ్గాయి, వాకర్‌వి ఎక్కువ తగ్గాయి.

అభ్యాసం. కాస్త కష్టమే, ఆదివారం కూర్చోండి. అదే జార్జియా, 2020 నవంబరు.

అధ్యక్ష పదవి: బైడెన్ (డెమోక్రాట్) 24,73,633, ట్రంప్ (రిపబ్లికన్) 24,61,854, జోర్గెన్సన్ (లిబర్టేరియన్) 62,229.

సెనేట్ (పూర్తికాలం సీటు): పర్డ్యూ (రిపబ్లికన్) 24,62,617, ఆసాఫ్ (డెమోక్రాట్) 23,74,519, హేజెల్ (లిబర్టేరియన్) 1,15,039. ఈ హేజెల్ పైన గవర్నర్‌కి నిలబడ్డ హేజెలే.

పర్డ్యూకి ట్రంప్ కంటే వచ్చిన ఎక్కువ 763 మాత్రమే. మరి బైడెన్‌కి పడి ఆసాఫ్‌కి పడని 99,114 ఎటు పోయాయో మూడు వరసలుగా సరిపెట్టండి. తర్వాత 2022కి తిరిగి రండి: గవర్నర్ గడి ఖాళీగా వదిలి వార్నాక్‌కి వేసినవాళ్ళు ఒక్కరూ లేరనుకుంటే, కెంప్‌కీ వార్నాక్‌కీ వేసినవాళ్ళు కనీసం ఎంతమంది ఉండాలి? "కనీసం" అన్న మాట లేకుండా వచ్చిన జవాబు దిద్దను.