మన తడి గాలిలో లావెండర్ పెంచడం ఎలా?

శ్రీకాకుళం ఎండకు లావెండర్ బతకదని చాలామంది అంటారు. బతుకుతుంది. దాన్ని ఎక్కువగా చంపేది మన ఎండ కాదు, నీళ్లు. మధ్యధరా తీరంలోని రాతి నేలల మొక్క ఇది. తులసి కుటుంబమే అయినా, తులసికి పోసినట్టు రోజూ చెంబుడు నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది.

ముందు రకం చూసుకోండి. ఇంగ్లిష్ లావెండర్‌కు చలి కావాలి, మన దగ్గర సరిగా పూయదు. ఆకుల అంచు రంపంలా ఉండే ఫ్రెంచ్ లావెండర్ వేడికి నయం. విత్తనాల జోలికి పోకుండా చిన్న మొక్క కొనండి.

వానలు తగ్గాక, నవంబరు చివర్లో నాటండి. నేలలో వద్దు, అడుగున కన్నం ఉన్న 10 అంగుళాల మట్టి కుండీ మంచిది. రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు కంపోస్ట్, గుప్పెడు కోడిగుడ్డు పెంకుల పొడి కలపండి. ఇసుక ఏటిదే కావాలి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. పైన గులకరాళ్లు పరిస్తే మొదలు పొడిగా ఉంటుంది.

వేలు రెండు అంగుళాలు లోపలికి దించి చూడండి. పొడిగా తగిలితేనే నీళ్లు, అదీ పొద్దున్నే, మొక్క మొదట్లోనే. నా మొదటి మొక్క తల వాల్చేస్తే దాహమనుకుని ఇంకా పోశాను. కుండీ బోర్లించి చూస్తే వేర్లు నల్లబడి మెత్తగా ఉన్నాయి, పట్టుకుంటే పైతొక్క జారి వేలికి అంటుకుంది. చాలా బాధేసింది. మట్టి తడిగా ఉండి ఆకు వాలిందంటే నీళ్లు ఆపేయాలి.

రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మాత్రం నీడ ఇవ్వండి. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన పడని చూరు కింద, గాలి ఆడే చోట పెట్టండి. సెప్టెంబరులో నాలుగు రోజులు ఎండ కాసిందని బయటికి తీయొద్దు. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న కదా!

పూలు వాడాక పచ్చటి కొమ్మల్లో మూడో వంతు కత్తిరించండి. ముదిరి చెక్కబారిన కొమ్మ జోలికి వెళ్లొద్దు, అక్కడ మళ్లీ చిగురు రావడం కష్టం.

ఎంత చూసుకున్నా మన ఉక్కపోతలో ఒక్కోసారి మొక్క పోతుంది. అందుకే డిసెంబరులో నాలుగు అంగుళాల లేత కొమ్మలు రెండు మూడు తుంచి, కింది ఆకులు తీసేసి తడి ఇసుకలో గుచ్చి నీడన ఉంచండి. నాలుగైదు వారాల్లో వేర్లు వస్తాయి.