ఏసీ, గీజర్, హీటర్ల వల్ల కరెంటు బిల్లు పెరిగితే: లక్షణం, కారణం, పరిష్కారం

బిల్లు పెరిగిందనగానే ఏసీలో గ్యాస్ అయిపోయిందేమోనన్న అనుమానం ముందు వస్తుంది. చాలా ఇళ్లలో గ్యాస్‌కి ఏ లోటూ ఉండదు. గాలి సరిగ్గా ఆడకపోవడమో, ఎండ వేడి ఇంట్లోకి దూరడమో, వేడినీళ్లు ఎక్కడో కారిపోవడమో జరుగుతూ ఉంటుంది. అదేదో తేలకుండా గ్యాస్ ఎక్కిస్తే ఆ ఖర్చు ఒకటి మీద పడుతుంది, బిల్లు మాత్రం తగ్గదు. కాబట్టి ముందు కొలవండి, ఆ తర్వాతే మరమ్మతు.

మొదటి పని: కరెంటు ఎటు పోతోందో తేల్చడం

బిల్లులో డబ్బు కాకుండా యూనిట్లు చూడండి. యూనిట్లను బిల్లు రోజులతో భాగించండి. ఒక నెల 28 రోజులకు, మరో నెల 33 రోజులకు రీడింగ్ తీసి ఉంటే, వాడకం మారకపోయినా బిల్లు పెరిగినట్టే కనిపిస్తుంది. రోజుకి పడే యూనిట్లను నిరుటి ఇదే నెలతో పోల్చండి. యూనిట్లు అంతే ఉండి డబ్బు పెరిగితే అది రేటు సంగతి, ఇంట్లో వెతికి లాభం లేదు.

యూనిట్లు నిజంగానే పెరిగితే మీటరు దగ్గరికి వెళ్లండి. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుతుంటుంది. యూనిట్‌కి ఎన్ని మిణుకులో మీటరు పలక మీదే రాసి ఉంటుంది. 1600, 3200 తరచుగా కనిపించే అంకెలు. ఒక నిమిషంలో పడే మిణుకులు లెక్కపెట్టి, 60తో గుణించి, ఆ అంకెతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు లాగుతున్న కిలోవాట్లు వస్తాయి. 3200 మీటరులో నిమిషానికి 80 మిణుకులు పడితే 1.5 కిలోవాట్లు. 4 పడితే 75 వాట్లు, అంటే మామూలు సీలింగ్ ఫ్యాన్ ఒకటి.

ముందుగా ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపి లైటు చూడండి. అప్పటికీ చురుగ్గా మిణుకుతుంటే ఎంసీబీలు (ఒక్కో లైనుకి కరెంటు ఆపే బోర్డులోని మీటలు) ఒక్కొక్కటీ దించుతూ పోండి. ఏది దించగానే ఆగిందో ఆ లైనులోనే దొంగ ఉన్నాడు. గీజర్ లైను దించగానే ఆగితే, ఎలిమెంట్ (నీళ్లు కాచే రాడ్) నుంచి ఎర్త్‌లోకి కరెంటు కారుతూ ఉండొచ్చు. ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం, ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ గీజర్ వేయకండి. ఏసీ లైను అయితే కంగారు అక్కర్లేదు. కొన్ని ఔట్‌డోర్ యూనిట్లలో (ఏసీకి ఇంటి బయట బిగించే పెట్టె) కంప్రెసర్ నూనెను వెచ్చగా ఉంచే చిన్న హీటర్ ఉంటుంది, ఏసీ ఆపినా అది పనిచేస్తూనే ఉంటుంది. వాడని నెలల్లో ఆ ఎంసీబీ దించేయండి. మళ్లీ వాడబోయే ముందు రోజే పైకి ఎత్తి ఉంచండి.

తర్వాత ఏసీ, గీజర్, హీటర్ ఒక్కొక్కటే వేసి ఇదే లెక్క కట్టి కాగితం మీద రాసుకోండి. దాన్ని రోజుకి వాడే గంటలతో గుణిస్తే బిల్లులో సింహభాగం దేనిదో తెలిసిపోతుంది.

ఏసీ ఆగకుండా తిరుగుతోంది, గది చల్లబడదు

దీనికి మామూలు థర్మామీటరు ఒకటి చాలు. తలుపులు మూసి, సెట్టింగ్ అన్నిటికంటే తక్కువకి పెట్టి, ఫ్యాన్ ఫుల్‌లో 20 నిమిషాలు నడపండి. గదిలోని ఏసీ పెట్టె పైభాగంలో గాలి లోపలికి వెళ్లే చోట ఒకసారి, చల్లగాలి బయటికొచ్చే చోట ఒకసారి కొలవండి. రెంటికీ తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే యంత్రం బాగుంది. ఉక్కపోత ఎక్కువున్న రోజున తేడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే ఏసీ తన శక్తిలో చాలా భాగం గాలిలోని తేమను నీరుగా మార్చడానికే ఖర్చు చేస్తుంది. అది లోపం కాదు.

తేడా 14 డిగ్రీలు దాటి, గాలి నీరసంగా వస్తుంటే గాలి దారి మూసుకుపోయింది. ఫిల్టర్ తీసి, శుభ్రంగా ఉన్న వైపు నుంచి కుళాయి నీళ్లు పోయండి. దుమ్ము వచ్చిన దారినే బయటికి పోతుంది. మురికి వైపు నుంచి పోస్తే అది జాలీలోకి ఇంకా దిగుతుంది. నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే చట్రం వంగి, సందుల్లోంచి దుమ్ము లోపలికి పోతుంది. ఏసీ రోజూ నడిచే కాలంలో రెండు వారాలకోసారి ఈ పని తప్పదు.

ఫిల్టర్ కడిగినా గాలి పెరగకపోతే ఎంసీబీ దించి, గాలి వచ్చే గ్రిల్‌లోంచి టార్చి వేసి చూడండి. లోపల పొడవాటి డ్రమ్ములాంటి బ్లోయర్ చక్రం, దాని సన్నటి వంపు రెక్కలు కనిపిస్తాయి. కొత్తప్పుడు ఆ రెక్కల అంచులు పదునుగా, విడివిడిగా ఉంటాయి. ప్రతి రెక్క లోవంపులోనూ బూడిద రంగు దుమ్ము, తేమతో కలిసి ముద్దలా పేరుకుని ఉంటే ఆ చక్రం ఎంత వేగంగా తిరిగినా గాలిని నెట్టలేదు. రెండు మిల్లీమీటర్ల పొర పట్టినా వంపు పూడిపోతుంది. ఫిల్టర్ ఒక్కటే కడిగి సర్వీసు అయిందనిపించే చోట మిగిలిపోయేది ఇదే. సర్వీసు పిలిచినప్పుడు బ్లోయర్, దాని వెనకున్న కాయిల్ రెండూ నీటి జెట్‌తో కడగమని, కింద సంచి కట్టమని ముందే చెప్పండి. పని అయ్యాక మళ్లీ టార్చి వేసి చూడండి.

తేడా 7 డిగ్రీల కంటే తక్కువుంటే ముందు ఔట్‌డోర్ యూనిట్ దగ్గరికి వెళ్లండి. లోపలి నుంచి లాగిన వేడినంతా అదే బయట వదలాలి. దాని రేకుల మధ్య దుమ్ము, పీచు నిండితే వేడి పోదు, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు పూర్తిగా ఆపి, వీలైతే లోపలి నుంచి బయటికి మామూలు పైపు నీళ్లతో కడగండి. ప్రెషర్ గన్ వాడితే అల్యూమినియం రేకులు మడతపడి, మురికి చేసిన దానికంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. వెనక కనీసం 30 సెంటీమీటర్లు, ముందు మీటరు దాకా ఖాళీ ఉండాలి. ఇరుకు షాఫ్టులోనో, మూసిన బాల్కనీలోనో బిగించిన యూనిట్ తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. యూనిట్ వెనక గాలి పీల్చే చోట కొలిచిన వేడి, కాస్త దూరంలో నీడలో కొలిచిన వేడి కంటే 3, 4 డిగ్రీలు ఎక్కువుంటే జరుగుతున్నది అదే. గాలిని బయటికి మళ్లించే ఏటవాలు రేకు పెట్టించండి, లేదా యూనిట్ చోటు మార్పించండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తేడా తక్కువుంటే అప్పుడు గ్యాస్‌ని అనుమానించండి. ఔట్‌డోర్ యూనిట్ పక్కన సన్నటి గొట్టం నట్టు మీద మంచు పేరుకోవడం, నట్టు చుట్టూ నూనె జిడ్డు కనిపించడం గుర్తులు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఏసీలో గ్యాస్ వాడకంతో అరిగిపోయేది కాదు. తగ్గిందంటే కారుతోందనే అర్థం. ఏటా గ్యాస్ నింపాలని ఎవరైనా చెబితే, ఏటా అదే చిల్లును వదిలేస్తున్నారన్నమాట. సరైన పని వరస ఇది: నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి, సబ్బు నురగతో కారే చోటు పట్టుకోవడం, దాన్ని బాగుచేయడం, వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేయడం, యూనిట్ పలక మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి నింపడం. వ్యాక్యూమ్ పంపు, తూకం లేకుండా వచ్చిన మనిషిని పని మొదలుపెట్టనివ్వకండి. ఏసీల్లో వాడే గ్యాస్ రకాల్లో ఆర్-32, ఆర్-290 మండేవి. ఆర్-290 మరీ ప్రమాదం, దాని దగ్గర మంట, సిగరెట్టు ఉండకూడదు.

తేడా 10 డిగ్రీలుంది, అయినా గది వేడి

యంత్రాన్ని వదిలేసి గదిని చూడండి. పై అంతస్తు అయితే రాత్రి 8 గంటలకు గోడ వేడిని, పైకప్పు వేడిని కొలవండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే తేలిక, లేకపోతే స్టూలెక్కి అరచెయ్యి ఆనించినా తెలుస్తుంది. కాంక్రీటు స్లాబు పగలంతా ఎండ తాగి, అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఏసీ చల్లబరిచేది గదిలోని గాలిని, స్లాబు దాన్ని మళ్లీ వేడెక్కిస్తూనే ఉంటుంది. స్లాబు పైన తెల్లటి ప్రతిఫలన పెయింటు రెండు పూతలు వేయడం అన్నిటికంటే చవకైన మందు. ముందు నాచు, దుమ్ము రుద్ది కడగాలి, పగుళ్లు పూడ్చాలి, పూర్తిగా ఆరాకే పూత. దుమ్ము పట్టిన తెలుపు వేడి పీలుస్తుంది కాబట్టి ఏటా కడగాలి. లోపల ఫాల్స్ సీలింగ్ వేస్తే కొంత మేలే కానీ, వేడిని స్లాబులోకి దిగకముందే ఆపడం ఎప్పుడూ మెరుగు.

పడమటి కిటికీల విషయమూ అంతే. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండను తెర ఆపలేదు, ఆ వేడి తెరకీ అద్దానికీ మధ్య నుంచి గదిలోకే వస్తుంది. నీడ అద్దానికి బయట ఉండాలి: సన్‌షేడ్, వెదురు తడిక, బయటి షట్టర్, ఏదైనా సరే.

తలుపు కింది సందు చిన్నదిగా కనిపిస్తుంది. 90 సెంటీమీటర్ల తలుపు కింద 5 మిల్లీమీటర్ల సందంటే 45 చదరపు సెంటీమీటర్ల రంధ్రం. వెలిగించిన అగరుబత్తిని సందుల వెంట నెమ్మదిగా జరపండి, పొగ పక్కకి లాగేసిన చోటల్లా రబ్బరు లేదా బ్రష్ సీలు పెట్టండి. ఏసీ గొట్టాలు గోడలోంచి వెళ్లే కన్నం తప్పకుండా చూడండి, అది పూడ్చకుండా వదిలేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. గదిలో గ్యాస్ పొయ్యి, గ్యాస్ గీజర్ లాంటిది మండుతుంటే మాత్రం దానికి గాలి వచ్చే దారి మూయకండి.

18కి పెడితేనే చల్లగా ఉంటోంది

మామూలు (ఇన్వర్టర్ కాని) ఏసీ 18కి పెట్టినా 26కి పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది. 18కి పెడితే ఆగకుండా నడుస్తుంది, అంతే తేడా. 26కి పెట్టి సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. అప్పటికీ ఒళ్లు జిడ్డుగా ఉంటే గదిలో తేమ పోవడం లేదు. గదికి మించిన టన్నేజీ (చల్లబరిచే సామర్థ్యం) ఉన్న ఏసీ పెట్టినప్పుడు ఇలా అవుతుంది: గాలి త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, నీరు తీసే సమయమే ఉండదు. గంటకి ఆరుసార్లకు మించి ఆగి మొదలవుతుంటే ఇదే సంగతి. ఫ్యాన్ వేగం తగ్గించి, తేమ తీసే డ్రై మోడ్ వాడి చూడండి.

గీజర్ యూనిట్లు మింగేస్తోంది

25 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి ఒక యూనిట్ కావాలి. ఏ కంపెనీ గీజరైనా ఈ లెక్క మారదు. 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కి అది అరగంట పని. ఆ తర్వాత గీజర్ మీది ఎర్ర లైటు ఆరిపోవాలి. గంటైనా, కుళాయి తిప్పకపోయినా ఆరకపోతే, వేడి చాలగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ పాడైంది, లేదా వేడినీళ్లు ఎటో పోతున్నాయి.

ఎటు పోతున్నాయో ఇలా పట్టండి. నీళ్లు వేడెక్కాక, ఎవరూ వాడని సమయంలో గీజర్‌లోకి చన్నీళ్లు వచ్చే పైపుని ముట్టుకోండి. మీటరు దూరం దాకా వెచ్చగా ఉంటే వేడినీళ్లు వెనక్కి వస్తున్నాయి. నీళ్లను వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వ్ మార్పించండి. చన్నీళ్ల కుళాయి తిప్పితే ముందు వెచ్చటి నీళ్లొస్తే మిక్సర్ కుళాయి లోపల రెండు దారులూ కలిసిపోతున్నాయి. కారే వేడినీళ్ల కుళాయి కింద గిన్నె పెట్టి కొలవండి. రోజుకి 10 లీటర్లు కారితే నెలకు 12 యూనిట్లు పోయినట్టే. ప్రెషర్ వాల్వ్ నుంచి నీరు కారుతుంటే మాత్రం దాన్ని మూసి బిగించకండి, అది ట్యాంకు పేలకుండా కాపాడేది.

ఎలిమెంట్ మీద సున్నం పట్టడం వల్ల బిల్లు పెరుగుతుందని అంటారు. ఎలిమెంట్ నీళ్లలోనే మునిగి ఉంటుంది కాబట్టి ఆ వేడి చివరికి నీళ్లలోకే వెళుతుంది, యూనిట్లు పెద్దగా మారవు. సున్నం చేసే అసలు చెరుపు ఎలిమెంట్‌ని కాల్చేయడం. కఠిన జలమున్న చోట ఏటా తీయించండి.

పొదుపు ఎక్కువగా దొరికేది స్నానంలో. నిమిషానికి 10 లీటర్ల షవర్ కింద 8 నిమిషాలంటే 80 లీటర్లు. 25 నుంచి 40 డిగ్రీలకు లెక్కేస్తే మనిషికి 1.4 యూనిట్లు. 18 లీటర్ల బకెట్‌కి 0.3 చాలు. గీజర్ రోజంతా వేసి ఉంచేవాళ్లు ట్యాంకు వేడిని 60 కంటే తగ్గించకండి, గోరువెచ్చటి నిల్వ నీటిలో లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. స్నానానికి ముందు వేసి, వెంటనే ఆపేయడమే మేలు.

చలికాలంలో హీటర్ బిల్లు

2000 వాట్ల హీటర్ గంటకు 2 యూనిట్లు లాగుతుంది. ఆయిల్ రకమైనా, ఫ్యాన్ రకమైనా, రాడ్ల రకమైనా యూనిట్‌కి ఇచ్చే వేడి ఒక్కటే. మీ ఏసీలో హీట్ మోడ్ ఉంటే అది వాడండి. ఓ మోస్తరు చలిలో యూనిట్‌కి మూడింతల దాకా వేడి ఇస్తుంది, ఎందుకంటే వేడిని పుట్టించదు, బయటి గాలి నుంచి తెస్తుంది. ఇల్లంతటినీ ఇలాగే వేడిచేసే సెంట్రల్ హీట్ పంపు ఉన్న ఇంట్లో గట్టి చలి రోజుల్లో బిల్లు ఒక్కసారిగా ఎగబాకితే దానికి సాయంగా ఉండే కరెంటు రాడ్లు పనిచేస్తున్నాయి. రాత్రి బాగా తగ్గించి పొద్దున ఐదారు డిగ్రీలు ఒకేసారి పెంచితే అవి మొదలవుతాయి. ఒక్కో డిగ్రీ చొప్పున పెంచండి.

వేడినీళ్లతో గదిని వేడిచేసే రేడియేటర్ పైన చల్లగా, కింద వేడిగా ఉంటే అందులో గాలి చేరింది: పంపు ఆపి, చల్లారాక, బ్లీడ్ తాళంచెవితో దాని వాల్వ్ తిప్పి, నీరు వచ్చేదాకా గాలిని వదలండి, ఒత్తిడి తగ్గితే తయారీదారు చెప్పిన అంకెకి నింపండి. కింద చల్లగా ఉంటే మడ్డి పేరుకుంది, ఫ్లష్ చేయించాలి.

బిల్లుకి భయపడి మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గ్యాస్ పొయ్యి పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కొత్తది కొనాలా?

పైన రాసుకున్న కాగితం తీయండి. పాత ఏసీ కొలిచిన కిలోవాట్లను ఏడాది గంటలతో గుణించి, కొత్తదాని పలక మీది అంకెతో పోల్చండి. రోజుకి రెండు గంటలు, ఏడాదిలో మూడు నెలలే వాడే గదికి కొత్త ఏసీ ధర తిరిగి రావడం కష్టం. రాత్రంతా నడిచే గదికి, కంప్రెసర్ వేగాన్ని అవసరానికి తగ్గట్టు మార్చుకునే ఇన్వర్టర్ రకం బాగా పనికొస్తుంది. స్లాబు పూత, కిటికీల నీడ, సందుల సీలు పూర్తయ్యాకే టన్నేజీ లెక్క వేయించండి. కొన్ని గదులకు అప్పుడు ఇంకా తక్కువ టన్నేజీది సరిపోవచ్చు.