గిన్నె దగ్గర గుర్రుమనే కుక్కపిల్లకు నమ్మకం కలిగించడం

హనుమకొండ, కాజీపేట వీధుల నుంచి ఇంటికి తెచ్చుకున్న కుక్కపిల్ల, తినేటప్పుడు దగ్గరికి వచ్చిన వారిపై గుర్రుమంటే అది పొగరు కాదు. చెత్తకుండీ దగ్గర తోటి కుక్కలతో పోటీపడి తిన్న ప్రాణికి, దొరికిన ముద్ద కూడా పోతుందేమోనన్న భయం అది. గుర్రుమనడానికి ముందే ఒళ్లు బిగుసుకోవడం, గబగబా మింగడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం గమనించవచ్చు.

అప్పుడు కొట్టకూడదు, గిన్నె లాక్కోకూడదు. అలవాటు కావాలని గిన్నెలో చెయ్యి పెట్టమని కొందరు చెబుతారు గానీ, అది దాని భయాన్ని నిజం చేయడమే. గుర్రుమన్నందుకు దండిస్తే, ఆ హెచ్చరికను మానుకొని నేరుగా కరిచే ప్రమాదం ఉంది.

మనుషుల రాకపోకలు లేని మూలలో, వేళ తప్పకుండా, రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి. అది బిగుసుకోనంత దూరంలో, ఆరేడు అడుగులైనా సరే, నిలబడి, ఉప్పూకారం లేకుండా ఉడికించిన ఎముకలేని కోడిమాంసం ముక్కను గిన్నె వైపు విసిరి, వెంటనే వెనక్కి వెళ్లిపోండి. మిమ్మల్ని చూసి, ఒళ్లు వదులుగా ఉంచి ఆశగా తల ఎత్తడం మొదలుపెట్టాకే ఒక్కో అడుగు దగ్గరవ్వాలి; మళ్లీ బిగుసుకుంటే పాత దూరానికే వెళ్లాలి. వారాలు పట్టినా తొందరపడవద్దు. నోట్లోని వస్తువు తీసుకోవలసి వస్తే, అంతకంటే ఇష్టమైనది ఇచ్చి మార్చుకోండి.

చిన్నపిల్లలను ఈ సాధనకు పూర్తిగా దూరంగా ఉంచండి. కుక్కపిల్ల పన్ను కాస్త గీరుకున్నా సరే, గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికో, దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికో వెళ్లి రేబిస్ టీకా గురించి వైద్యుడిని సంప్రదించండి.