సేఫ్టీ ఖర్చు దండగ అనే ఓనరుకి లెక్క చూపించడం ఎలా

బిల్డింగ్ కట్టే సైటులో సేఫ్టీకి డబ్బులు అడగ్గానే ఓనరు మొహం చిట్లించడం మామూలే. అప్పుడు ప్రాణం విలువ గురించి మాట్లాడితే తలూపి ఊరుకుంటాడు (చెడ్డవాడని కాదు, ప్రమాదం తన సైటులో జరగదని గట్టి నమ్మకం, అంతే). అందుకే లెక్కతో వెళ్లండి.

ముందు పాత సైటు డైరీలు తీసి, ఎవరికైనా దెబ్బ తగిలి పని ఆగిన రోజొకటి వెతకండి. పరంజా మీంచి జారి ఒకరి కాలు విరిగిందనుకుందాం. ఆస్పత్రి బిల్లు, పరిహారం అందరికీ కనిపిస్తాయి, ఇన్సూరెన్స్ ఉంటే వాటిలో కొంత వాళ్లే కడతారు కూడా. అసలు దెబ్బ ఆ తర్వాతే. ఆ పూటంతా మిగతా ముఠా పని ఆపేసి నిలబడింది, అద్దె క్రేన్ ఖాళీగా ఉన్నా అద్దె మాత్రం ఆగలేదు, కలిపిన కాంక్రీటు గట్టిపడిపోతే పారబోశారు, ఇంజనీరుకి రెండు రోజులు విచారణ కాయితాలతోనే సరిపోయింది, బదులు వచ్చినవాడికి పని అలవాటు కావడానికి వారం పట్టింది. వీటన్నిటినీ గంటల్లో రాసి, గంటకి మీకయ్యే ఖర్చుతో గుణించండి. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా వాడే లెక్కలో ఈ చాటు ఖర్చు, పైకి కనిపించే ఖర్చుకి 1.1 నుంచి 4.5 రెట్ల దాకా ఉంటుంది, అదీ చిన్న దెబ్బలకే ఎక్కువ రెట్లు. అయినా మీ డైరీలో అంకెలే ఓనరుకి ఎక్కుతాయి.

తర్వాత ఆ మొత్తాన్ని లాభంతో పోల్చండి. నికర లాభం 5 శాతమైతే, పోయిన సొమ్ము పూడ్చుకోవడానికి దానికి 20 రెట్ల పని చెయ్యాలి. ఈ ముక్క దగ్గర ఓనరు కుర్చీలో ముందుకి జరుగుతాడు, అప్పుడే మీ లిస్టు తియ్యండి.

లిస్టులో ఏది ముందు? చాలామంది హెల్మెట్లు, ఎత్తులో పనిచేసేవాళ్లు పడిపోకుండా కట్టుకునే బెల్టులతో మొదలుపెడతారు, చవక కాబట్టి. కొక్కెం తగిలించడానికి గట్టి ఆధారం లేకపోతే బెల్టు అలంకారమే. 1930ల్లో అమెరికాలో గోల్డెన్ గేట్ వంతెన కట్టేటప్పుడు 1,30,000 డాలర్లకు పైగా పెట్టి కింద వల కట్టించారు, దానివల్ల 19 మంది బతికారు. కానీ 1937 ఫిబ్రవరిలో పరంజా ఊడి వలని చించుకుంటూ పడిపోయింది, 10 మంది చనిపోయారు. అంటే పడ్డాక పట్టుకునేదాని కంటే ముందు, అసలు పడకుండా చేసేదానికి డబ్బు పెట్టాలి: నేల మీదే బిగించి పైకెత్తగలిగిన పని నేల మీదే చేయించడం (ఇందులో కూలీ ఖర్చు కూడా తగ్గొచ్చు), పరంజా సరిగ్గా కట్టించడం, స్లాబు అంచులకి రెయిలింగ్, లిఫ్టు గుంతలకి మూత. బెల్టులు ఆ తర్వాత.

ఈ ఖర్చుని ఎస్టిమేటులో విడిగా ఒక లైనుగా రాయండి. రేట్లలో కలిపేస్తే తక్కువ కోట్ చెయ్యడానికి సబ్ కాంట్రాక్టరు ముందు కోసేది దాన్నే.

ఇంకోటి, "ఒక్క ప్రమాదం కూడా లేకపోతే బోనస్" మాత్రం పెట్టకండి. దెబ్బలు తగ్గవు, చెప్పడం తగ్గుతుంది. కాస్తలో తప్పిపోయిన ప్రమాదాన్ని వచ్చి చెప్పినవాడికే ఏదైనా ఇవ్వండి.

ఓనరు ఇంకా నసిగితే మొత్తానికి అడగొద్దు. రెండు బ్లాకులుంటే ఒకదానికే బడ్జెట్ అడిగి, రెండింట్లోనూ పని ఆగిన గంటలు మూడు నెలలు రాయించండి.