చిన్నప్పుడు మనమే రాసుకున్న రూల్స్‌ని పట్టుకోవడం ఎలా

బాస్ దగ్గర్నుంచి "ఫ్రీ అయ్యాక ఒకసారి రా" అని మెసేజ్ వస్తే మీకేమవుతుంది? కొందరు సరేననుకుని చేతిలో పని ముగించుకుని వెళ్తారు. నాకైతే కడుపులో తిప్పేసేది, నెల రోజుల్లో చేసిన తప్పులన్నీ లెక్కపెట్టుకుంటూ నడిచేవాణ్ని, తీరా వెళ్తే ఆయన అడిగేది ఏదో ఫైల్ ఎక్కడుందని. ఈ భయం ఉద్యోగంలో నేర్చుకున్నది కాదని, అంతకంటే చాలా పాతదని తెలియడానికి నాకు ముప్ఫై ఏళ్లు దాటాల్సి వచ్చింది. ఇలాంటి భయాల వెనక చిన్నప్పుడు మనకి మనమే పెట్టుకున్న రూల్ ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి మీకు అంతకాలం అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, రెండు మూడు వారాల ఓపిక చాలు.

ముందుగా చేయకూడనిది చెప్తాను. కళ్లు మూసుకుని "నాకు చిన్నప్పుడు ఏం జరిగింది" అని తవ్వుకోకండి. మూడు, మూడున్నరేళ్ల లోపు జరిగినవి చాలామందికి అసలు గుర్తుండవు. ఆ తర్వాతివి కూడా మనం అనుకున్నంత గట్టివి కావు. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే సైకాలజిస్టు, ఆమె సహచరురాలు 24 మందికి వాళ్ల బాల్యం గురించి నాలుగు సంఘటనలు ఇచ్చారు. మూడు ఇంట్లోవాళ్లని అడిగి తెలుసుకున్న నిజాలు, నాలుగోది, అంటే చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారన్నది, శుద్ధ కల్పన. దాదాపు నాలుగో వంతు మంది అది కూడా పూర్తిగానో కొంతో గుర్తొచ్చిందన్నారు.

కాబట్టి ఇవాళ్టి నుంచి వెనక్కి వెళ్లండి. జరిగింది గోరంత, మీకొచ్చిన కోపమో భయమో కొండంత అనిపించిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాయండి. ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, ఆ క్షణంలో మనసులో మెదిలిన మాట ఏంటి. అసలు సరుకు ఆ మూడోదే. "నా మీద కోపంగా ఉన్నారు." "సాయం అడిగితే చులకనైపోతాను." "నేను చూసుకోకపోతే ఎవరూ చూసుకోరు." పది పదిహేను రాశాక చదివి చూడండి, ఆఫీసులో, ఇంట్లో, స్నేహితుల మధ్య వేషాలు మార్చుకుని తిరుగుతున్నది ఒకటో రెండో మాటలేనని తెలుస్తుంది.

ఆ మాటని ఇప్పుడు రూల్‌గా మార్చండి, కాకపోతే ఆరేళ్ల పిల్లవాడు అనగలిగే మాటల్లోనే. "నాలో ఆత్మవిశ్వాసం లోపించింది" అని వచ్చిందా, కొట్టేయండి, అది పెద్దయ్యాక ఎక్కడో చదివిన మాట. నాది ఇలా వచ్చింది: "ఎవరైనా మాట్లాడకుండా ఉంటే, నేనేదో తప్పు చేశాను." మా నాన్న సాయంత్రం ఇంటికొచ్చి ఒక్కమాట కూడా మాట్లాడని రోజులు చాలా ఉండేవి, ఆ రోజుల్లో నేను శబ్దం రాకుండా పుస్తకం తెరిచి కూర్చునేవాణ్ని.

పిల్లలు ఇలాంటి లెక్కే ఎందుకు వేసుకుంటారు? రెండు నుంచి ఏడేళ్ల వయసులో పిల్లలకి ఎదుటివాళ్ల వైపు నుంచి చూడటం బాగా కష్టమని జీన్ పియాజె అనే సైకాలజిస్టు చెప్పాడు. నాన్న మౌనానికి నాన్నకి సంబంధించిన కారణం ఉండొచ్చని ఆ వయసులో తట్టదు, కాబట్టి కారణం నేనే. ఇంకో సంగతి, అప్పట్లో ఆ రూల్ పనిచేసింది కూడా. నేను కుదురుగా ఉంటే ఇల్లు కుదురుగా ఉండేది. మాటలు రాకముందే ఇలాంటివి మొదలవుతాయని మేరీ ఐన్స్‌వర్త్ అనే సైకాలజిస్టు ప్రయోగాలు చూస్తే అర్థమవుతుంది. ఏడాది, ఏడాదిన్నర పిల్లల్ని గదిలో వదిలి తల్లి కాసేపు బయటికెళ్లి వస్తుంది. చాలామంది ఏడ్చి, ఎత్తుకోగానే సర్దుకుని మళ్లీ ఆటలో పడతారు. కొందరు మాత్రం అమ్మ తిరిగొచ్చినా పట్టనట్టు బొమ్మ వైపే చూస్తారు, ఎంత ధైర్యమో అనిపిస్తుంది. తర్వాత వేరే పరిశోధకులు అలాంటి పిల్లల గుండె వేగం కొలిస్తే అది బాగా పెరిగి ఉంది. "నేనెవరి మీదా ఆధారపడను" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

నాకు బాగా ఉపయోగపడింది ఇంకొకటి, పెద్దవాళ్లని వాళ్ల బాల్యం గురించి అడగడానికి 1980లలో మేరీ మెయిన్ అనే సైకాలజిస్టు బృందం తయారుచేసిన ఇంటర్వ్యూలో ఉన్న ప్రశ్న. చిన్నప్పుడు అమ్మతో మీ సంబంధానికి ఐదు మాటలు రాయండి, నాన్నతో ఐదు. ఒక్కో మాట పక్కన దానికి తగ్గ ఒక్క సంఘటన. "ప్రేమగా" అని రాసి పక్కన ఏమీ తోచకపోతే ఖాళీగానే వదిలేయండి, ఆ ఖాళీ కూడా సమాచారమే. ఆ ఇంటర్వ్యూలో చూసేది బాల్యం మంచిదా చెడ్డదా అని కాదు, మాటకీ సంఘటనకీ పొంతన ఉందా, ఉన్నదున్నట్టు చెప్పగలుగుతున్నారా అని. కష్టమైన బాల్యం గడిపి కూడా దాన్ని దాచకుండా, అందులోనే మునిగిపోకుండా చెప్పగలిగేవాళ్లు ఉంటారు, వాళ్లని ఈ పద్ధతి స్థిమితంగా ఉన్నవాళ్లలోనే లెక్కిస్తుంది. (దెబ్బలు, లైంగిక వేధింపులు లాంటివి ఉన్న బాల్యమైతే మాత్రం ఈ పని ఒంటరిగా వద్దు, కౌన్సెలర్ దగ్గర చేయండి. రాస్తుంటే నిద్ర చెడిపోతోందన్నా ఆపేయండి.)

చిన్నప్పుడు అబ్బిన అభిప్రాయాలకి పరీక్ష వేరే. డబ్బు, దేవుడు, మగపని ఆడపని, పెద్దలకి ఎదురు చెప్పడం, దేని గురించైనా "ఎందుకు అలా అనుకుంటున్నావ్" అని ఎవరైనా అడిగితే కారణం కంటే ముందు కోపం వస్తోందంటే, అది మీరు ఆలోచించి పెట్టుకున్నది కాకపోవచ్చు. అంతమాత్రాన పారేయక్కర్లేదు. అప్పు చేయకూడదన్నది నాకు అలా వచ్చిందే, పరిశీలించి ఉంచుకున్నాను.

అన్నిటినీ బాల్యం మీదికి నెట్టకండి కూడా. మొక్కై వంగనిది మానై వంగునా అన్నదీ మనవాళ్లే, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదన్నదీ మనవాళ్లే. కవలల మీద జరిగిన అధ్యయనాల లెక్కన మనుషుల స్వభావాల మధ్య తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం జన్యువుల వల్ల వచ్చేవి. మీరు తక్కువ మాట్లాడతారంటే దాని వెనక గాయం ఉండి తీరాలని లేదు. ఒకే ఇంట్లో పెరిగిన మీ అక్కకో తమ్ముడికో మీ రూల్ ఉందా అని అడిగి చూడండి, చాలాసార్లు ఉండదు.

తర్వాత రూల్‌కి ఎదురు సాక్ష్యం రాయండి. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే సైకాలజిస్టు బృందం దశాబ్దాల పాటు గమనించింది. బాగా కష్టాల్లో పెరిగినవాళ్లలో కూడా మూడో వంతు మంది చక్కగా స్థిరపడ్డారు, అలాంటివాళ్ల జీవితాల్లో తరచూ కనిపించింది నమ్మదగ్గ పెద్దమనిషి ఒక్కరైనా ఉండటం, అమ్మమ్మో టీచరో పక్కింటావిడో. మీకు అలాంటివాళ్లు ఎవరు? వాళ్ల దగ్గర మీ రూల్ ఎందుకు అవసరపడలేదు?

చివరగా రూల్‌ని చిన్నగా మీరి చూడాలి. అర్థమైనంత మాత్రాన ఏదీ మారదు, ఈ ఒక్క ముక్కా చెప్పకుండా వదిలేసే సలహాలంటే నాకు చిరాకు. మీరే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో ఒక లైను రాయండి, తర్వాత ఏం జరిగిందో ఒక లైను. నేను మొదటిసారి, ముభావంగా ఉన్న ఒక స్నేహితుణ్ని "నా మీద కోపమా?" అని అడిగాను. వాడు విచిత్రంగా చూసి, "పన్ను నొప్పిరా బాబూ" అన్నాడు. ఇలాంటివి చాలా పోగవ్వాలి, ఒక్కదానితో పాత రూల్ కదలదు.

నోట్‌బుక్ పట్టుకుని అమ్మానాన్నల ముందు పంచాయితీ మాత్రం పెట్టకండి. అడగాలనిపిస్తే "ఆ రోజుల్లో మీకెలా ఉండేది?" అని అడగండి. నేను అలాగే అడిగాను. నాన్న కాసేపు ఆగి, ఆ రెండేళ్లు జీతం నెలనెలా వచ్చేది కాదని, నోరు తెరిస్తే ఆ మాటే బయటికొస్తుందేమోనని మాట్లాడేవాణ్ని కాదని చెప్పారు. అమ్మకి కూడా అప్పుడే తెలిసింది.